ఇంధన ప్రకటనలపై విచారణ కోరుతూ పెదపారుపూడి వినియోగదారుల వినతిపత్రం

కృష్ణా జిల్లా కలెక్టర్ గారికి,
మచిలీపట్నం.

విషయం: కరెంటు, గ్యాసు అమ్మకందారుల తప్పుదోవ పట్టించే ప్రకటనలపై విచారణ, కొనుగోలు ఒప్పందాలపై మా ప్రాంతంలోనే బహిరంగ విచారణ కోరుతూ.

ఆర్యా,

పెదపారుపూడి మండల రైతులం, చేపల చెరువుల వాళ్లం, ఇంటి మీటరుకు బిల్లు కట్టే వాళ్లం కలిసి ఈ వినతి సమర్పించుకుంటున్నాం. ఇంధనం అమ్మే కంపెనీల మాట ప్రభుత్వానికి ఎలాగోలా చేరుతుంది. మా దాకా వచ్చేది మాత్రం వాళ్ల ప్రకటనలే.

వానపాములలో ఇంటింటికీ పంచిన కరపత్రం జతచేశాం. పైన ప్రధానమంత్రి ఫొటో, కింద ఎర్రక్షరాల్లో ‘జీవితాంతం కరెంటు బిల్లు సున్నా’. పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకు కేంద్రం ఇచ్చే రాయితీ రూ.78,000. అది ప్యానెళ్లు బిగించి, నెట్ మీటరు పెట్టి, తనిఖీ అయ్యాకే ఖాతాలో పడుతుంది. మిగతా ఖర్చు మేమే భరించాలి. ఫిక్స్‌డ్ చార్జీ ఎటూ తప్పదు. కరపత్రంలో వీటి ఊసే లేదు. డాబా మీద ప్యానెళ్లు ఎక్కినా నెట్ మీటరు రాక, ఇటు పాత బిల్లు, అటు బ్యాంకు వాయిదా కడుతున్న ఇళ్లు మా మండలంలో ఉన్నాయి. ఏజెంటు ఫోను ఎత్తడు. ఇది చూశాక పక్కింటివాళ్లు సోలార్ పెట్టిస్తారా? మంచి పథకానికి ఇంతకంటే చెరుపు ఉండదు.

గుడివాడ రోడ్డులో సహజవాయువును ‘గ్రీన్ ఫ్యూయల్’ అంటూ బోర్డులున్నాయి. డీజిలు కంటే పొగ తక్కువే, కాదనం. అయినా అదీ భూమిలోంచి తోడిన ఇంధనమే, మండితే బొగ్గుపులుసు వాయువు రాక తప్పదు. ‘గ్రీన్’, ‘క్లీన్’ అని రాసుకుంటే ఆధారం చూపాలని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2024 అక్టోబరులోనే మార్గదర్శకాలు ఇచ్చింది. వాటిని ఇక్కడ అమలు చేసేదెవరు?

బొగ్గు కరెంటు చౌక అని ఏళ్ల తరబడి విన్నాం. మా పక్క కౌతవరంలో పుట్టిన నార్ల తాతారావు గారి పేరుతో ఉన్న ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం మా ఇళ్లకిచ్చిన వెలుగు మరవలేదు. కానీ ఇంధనం, కరెంటు కొనుగోలు ఖర్చు పెరిగిందని 2022-23 సంవత్సరానికి విద్యుత్ నియంత్రణ మండలి అనుమతించిన సర్దుబాటు చార్జీలు రూ.6,072 కోట్లు. అవి ఏడాది గడిచిపోయాక మా బిల్లుల్లోకి వచ్చాయి.

ప్రకటనలతో జనాన్ని తప్పుదోవ పట్టించడం కొత్త కాదు. అమెరికాలో ఎక్సాన్ చమురు కంపెనీకి, చమురు, బొగ్గు మండిస్తే భూమి వేడెక్కుతుందని సొంత శాస్త్రవేత్త జేమ్స్ బ్లాక్ 1977లోనే చెప్పారు. తర్వాత ఆ కంపెనీ ఏళ్ల తరబడి దాని మీద అనుమానాలు రేపే ప్రకటనలు వేసింది. ఆ 1977లోనే నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచింది. రెంటికీ ముడిపెట్టడం లేదు. భూమి వేడెక్కి సముద్రం పొంగితే ముందు మునిగేది ఈ డెల్టా కనుక, ఎవరు ఏం దాచారో తెలుసుకోవలసిన అవసరం అందరికంటే మాకెక్కువ.

సోలార్ కంపెనీలనూ వెనకేసుకు రావడం లేదు. 7,000 మెగావాట్లు యూనిట్ రూ.2.49కు కొనేందుకు 2021లో రాష్ట్రం చేసుకున్న ఒప్పందం వెనుక లంచాలున్నాయని 2024 నవంబరులో అమెరికా న్యాయశాఖ అదానీ గ్రూపు పెద్దలపై అభియోగం మోపింది. ఆ గ్రూపు దాన్ని తోసిపుచ్చింది. నిజం తేల్చాల్సింది న్యాయస్థానాలు. పాతికేళ్ల బరువు మోసే ఒప్పందం గురించి మాకు ముందుగా ఎందుకు చెప్పలేదన్నదే మా ప్రశ్న.

వినియోగదారుల రక్షణ చట్టం-2019లోని 17వ సెక్షన్ ప్రకారం తమకు ఈ ఫిర్యాదు ఇస్తున్నాం. 16వ సెక్షన్ కింద విచారించి కేంద్ర సంస్థకు నివేదిక పంపవలసిందిగా కోరుతున్నాం. అర్హత ఉన్న సోలార్ సంస్థల పేర్లు, ధరలు, రాయితీ వివరాలు ప్రతి గ్రామ సచివాలయంలో తెలుగులో అతికించాలి. నెట్ మీటర్లకు గడువు పెట్టించాలి. ఇకపై దీర్ఘకాలిక కొనుగోళ్లపై గుడివాడలో తెలుగులో బహిరంగ విచారణ జరిపేలా, ఆ ఒప్పందాల విషయమై అధికారులను కలిసిన కంపెనీల పేర్లు బయటపెట్టేలా ప్రభుత్వానికి, నియంత్రణ మండలికి సిఫారసు చేయాలి.

ఖరీఫ్ నాట్లు మొదలైతే మాకు తీరిక ఉండదు. అంతకుముందే తమ ఎదుట హాజరై సాక్ష్యం చెప్పే అవకాశం ఇప్పించ ప్రార్థన.

ఇట్లు,
పెదపారుపూడి మండల రైతులు, విద్యుత్ వినియోగదారులు