పైలట్ అవ్వాలా? రేడియోలో మాట్లాడే లైసెన్స్ కూడా ఉండాల్సిందే.. జర్మనీలో సొంత భాషకు ఛాన్స్, మరి మన దగ్గర?

ఓయూ క్యాంపస్‌లో, తార్నాక హాస్టళ్లలో పైలట్ కలలు కనేవాళ్లు ముందే తెలుసుకోవాల్సిన విషయం ఇది. విమానం నడపడం వస్తే చాలదు. కంట్రోల్ టవర్‌తో రేడియోలో మాట్లాడేందుకు విడిగా లైసెన్స్ కావాలి.

జర్మనీలో ప్రైవేట్ పైలట్లకు వేర్వేరు దారులున్నాయి. బీజెడ్‌ఎఫ్-2 ఉంటే దేశంలో జర్మన్‌లోనే మాట్లాడొచ్చు. బీజెడ్‌ఎఫ్-1 అయితే ఇంగ్లిష్ కూడా. పరీక్ష పెట్టేది అక్కడి టెలికాం నియంత్రణ సంస్థ.

మన దగ్గరా ఆర్‌టీఆర్ పరీక్షను టెలికాం శాఖే పెట్టేది. పాసయ్యాక లైసెన్స్ కోసం మళ్లీ డీజీసీఏ దగ్గరికి వెళ్లాల్సి వచ్చేది. 2025 జనవరి 1న అమల్లోకి వచ్చిన భారతీయ వాయుయాన్ అధినియంతో రెండు పనులూ డీజీసీఏ చేతికే వచ్చాయి. ఆఫీసు మారింది కానీ భాష మారలేదు. పరీక్ష ఇంగ్లిష్‌లోనే.

దానికి కారణమూ ఉంది. 1996 నవంబర్ 12న చర్ఖీ దాద్రీ దగ్గర రెండు విమానాలు గాల్లో ఢీకొని 349 మంది చనిపోయారు. కజకిస్థాన్ సిబ్బందికి ఇంగ్లిష్ సరిగా రాకపోవడం కూడా ఒక కారణమని దర్యాప్తు తేల్చింది.

అలాగని తెలుగు మీడియం వాళ్లు భయపడాల్సిన పనిలేదు. రేడియోలో వాడేది లెక్కపెట్టినన్ని మాటలే. విన్నది తప్పు లేకుండా తిరిగి చెప్పడమే కీలకం. ఓయూ పక్కనే ఇంగ్లిష్, జర్మన్ రెండూ నేర్పే ఇఫ్లూ ఉంది. లక్షల ఫీజు కట్టాక కాదు, డిగ్రీలో ఉండగానే ఈ ఇంగ్లిష్ నేర్పిస్తే సగం అడ్డంకి తొలగినట్లే.