చేతికి తగ్గ గొలుసు

గాజుల మలారం భుజాన వేసుకుని వీథిలోకి వచ్చే గాజులవాడు చేయి పట్టుకుని చూడగానే సైజు చెప్పేవాడు. ‘రెండు–నాలుగు’ అంటే రెండంగుళాల నాలుగణాలు, అనగా రెండుంబావు అంగుళం అన్నమాట. అంగుళానికి పదహారణాల లెక్క! ఆడవారి చేతికి ఇంత శాస్త్రం పుట్టించిన మనం మగవారి చేతి గడియారం దగ్గరకు వచ్చేసరికి, జారి కింద పడకుండా వుంటే అదే పదివేలంటాం.

తోలు పట్టీల రోజుల్లో ఈ చిక్కు లేదు. 1961లో హెచ్.ఎం.టి. వారు జపాను సిటిజన్ కంపెనీ సహకారంతో బెంగుళూరులో గడియారాలు చేయడం మొదలుపెట్టాక, పెళ్ళికొడుకులకూ పరీక్ష ప్యాసయిన కుర్రవాళ్ళకూ అదే ఘనమైన బహుమానమయింది. పట్టీ వదులైతే చెప్పులు కుట్టే అతను ఇంకో చిల్లు పొడిచి యిచ్చేవాడు. ఉక్కు గొలుసుకు చిల్లు పొడిచేదెవరు?

మా మార్కాపురం, కంభం, గిద్దలూరు వైపు ఇళ్ళలో ఇప్పుడు తరచు కనిపించే సంగతి యిది. అమెరికాలో వున్న కొడుకు తండ్రికి ఖరీదైన స్విస్ గడియారం తెస్తాడు. గొలుసు కొడుకు చేతికి సరిపోతుంది గాని, తండ్రి చేతికి మోచేతి దాకా ఎగబాకుతుంది. ఈ ఒక్క పని కోసం గిద్దలూరులో రైలెక్కి గుంటూరు వెళ్ళడమెందుకని ఆయన దాన్ని పెట్టెతో సహా బీరువాలో పెడతాడు. ఫోనులో “నాన్నా, పెట్టుకుంటున్నావా?” అని అడిగితే, “ఆఁ, పెట్టుకోకేంరా” అంటాడు. లక్ష రూపాయల వస్తువు, దానికి తోడు ఒక చిన్న అబద్ధం, రెండూ బీరువాలోనే వుంటాయి.

నిజానికి చాలా రకాల గొలుసులు ఇంట్లోనే కురచ చేసుకోవచ్చు. పని మొదలుపెట్టేముందు కొక్కెం అంచున వరుసగా చిన్న చిల్లులున్నాయేమో చూడండి. లోపలి స్ప్రింగు పుల్లను ఒక చిల్లు జరిపితే తేడా తీరిపోవచ్చు. అప్పుడు లింకు తీయనక్కరలేదు.

కొలత చూసే వేళ కూడా ముఖ్యమే. మా వైపు వేసవి మధ్యాహ్నం చేయి కాస్త ఉబ్బుతుంది. తెల్లవారుజామున బిగుతుగా అమర్చుకుంటే మధ్యాహ్నానికి వాత పడుతుంది. కాబట్టి ఎండవేళ కొలిచి, గొలుసు కింద చిటికెన వేలు దూరేటంత చోటు వదలండి. మిగిలిన గొలుసును వేళ్ళతో పట్టి మడిస్తే తీయవలసిన లింకులెన్నో తెలుస్తాయి. వాటిని రెండు పక్కలా సమంగా తీయాలి. బేసి సంఖ్య వస్తే ఆరు అంకె వైపు ఒకటి ఎక్కువ తీయండి. అన్నీ ఒకే పక్క తీస్తే కొక్కెం మణికట్టు కింద మధ్యన నిలవదు.

పనికి బల్ల వెతకనక్కరలేదు. మార్కాపురం పలక వుంటే చాలు. దానిమీద తెల్లటి గుడ్డ పరవండి. చుట్టూ చెక్క అంచు వుంది గనుక ఆవగింజంత సామాను కూడా దొర్లిపోదు. గడియారానికి గీతలు పడకుండా కాగితపు టేపు చుట్టండి.

ఇక లింకులను పట్టివుంచేవి ముఖ్యంగా మూడు రకాలు. గొలుసు లోపలి వైపు బాణం గుర్తులుంటే అవి పుల్లలు. బాణం చూపే వైపుకు సన్నని మొద్దుసూదితో నెట్టాలి. మళ్ళీ బిగించేటప్పుడు బాణానికి ఎదురుగా దూర్చాలి. చీలిక వున్న కొన చివర లోపలికి పోవాలి.

పుల్లకు చీలిక లేకుంటే జాగ్రత్త! కొన్ని గొలుసుల్లో లింకు మధ్యన వెంట్రుకవాసి గొట్టమొకటి వుంటుంది. పుల్లను పట్టివుంచేది అదే. అది చప్పుడు లేకుండా రాలిపోతుంది. అది లేకుండా బిగించినా గొలుసు నిలుస్తుంది గాని, ఏ బస్సు మెట్టుమీదో పుల్ల జారి గడియారం నేలపాలవుతుంది. తెల్లగుడ్డ పరవమన్నది అందుకే.

మూడోది మర. రోలెక్స్ వంటి ఖరీదైన గడియారాలకు తరచు ఇదే వుంటుంది. లింకు పక్కన గాడి కనిపిస్తుంది. గాడి వెడల్పుకు సరిగ్గా సరిపోయే స్క్రూడ్రైవరు కావాలి. చిన్నదైతే గాడి చెడుతుంది, పెద్దదైతే గొలుసు గీరుకుంటుంది. కొన్ని మరలకు కంపెనీవారే జిగురు పెడతారు. మెల్లగా తిప్పినా కదలకుంటే బలం చూపకండి, మంట చూపకండి. అది దుకాణానికి పోవలసిన గొలుసు. బంగారు గొలుసులనూ అక్కడికే పంపండి. గడియారం వెనక మూత జోలికి మాత్రం ఎవరూ పోవద్దు. దాన్ని కదిలిస్తే నీరు చొరని కట్టుదిట్టం పోతుంది.

బిగించాక రెండు చేతులా మెల్లగా లాగి చూడండి. పుల్ల కొనలు బయటికి పొడుచుకురాకూడదు.

తీసిన లింకులు, పుల్లలు, గొట్టాలు ఒక పొట్లంలో కట్టి, మీద తేదీ వేసి, గడియారం పెట్టెలోనే దాచండి. ఏరు దాటి తెప్ప తగలేయకూడదు. అరవయ్యో యేట సరిపోయిన గొలుసు డెబ్బయ్యయిదో యేటికి మళ్ళీ వదులు కావచ్చు. పెద్దవారి చేయి చిక్కుతున్నదని ఇంట్లో అందరికంటే ముందు కనిపెట్టేది ఒక్కొక్కప్పుడు ఈ గొలుసే. అప్పుడు లింకు తీసి ఊరుకోక, తిండి సంగతీ ఒంట్లో సంగతీ కూడా అడిగి తెలుసుకోండి. రేపు ఆ గడియారం మనవడి చేతికి వెళ్ళేనాడు పొట్లంలోని లింకులన్నీ తిరిగి గొలుసులో చేరతాయి.

పని అరగంటది. అమెరికానుంచి ఫోను వచ్చే వేళకు చేయెత్తి చూపించవచ్చు.