నా పన్ను ఫొటో నాకివ్వండి

ఇరవై ఏళ్ల కిందట తెనాలిలో పన్నుకి ఎక్స్‌రే తీయించుకుంటే, తపాలా బిళ్ళకంటే కాస్త పెద్దదైన ఫిల్మును చిన్న కాగితం కవర్లో పెట్టి చేతికిచ్చారు. అది ఇప్పటికీ మా బీరువాలో కరెంటు బిల్లుల మధ్య ఉంది. ఇప్పుడు ఫిల్ము పోయి ఆర్‌వీజీ వచ్చింది. నోట్లో సెన్సరు పెడతారు (నాలుక కింద గుచ్చుకుంటుంది, దానికి మాత్రం మందు లేదు), క్షణాల్లో కంప్యూటర్లో బొమ్మ. అర నిమిషం చూపిస్తారు. ఇంటికి మనం ఉత్త చేతులతో వస్తాం.

రెండేళ్ల కిందట నా కింది దవడ పన్ను వేరు చివర నల్లటి నీడ చూపించి రూట్ కెనాల్ చేశారు. పద్నాలుగు నెలలకి, హైదరాబాదులో మా అబ్బాయి ఇంట ఉండగా, అదే పన్ను సలపడం మొదలెట్టింది. అక్కడి డాక్టరమ్మ మళ్ళీ ఎక్స్‌రే తీసింది. నలుపు ఉంది. "పాతది ఉందా అమ్మా? ఇది తగ్గుతూ వస్తోందో, పెరుగుతోందో దాంతో పోల్చితేనే చెప్పగలను" అంది. రూట్ కెనాల్ తర్వాత అక్కడ ఎముక నిండటానికి నెలలు, ఒక్కోసారి ఏడాదికి పైనే పడుతుందట. పాత క్లినిక్కుకి ఫోన్ చేశాను. కంప్యూటరు మార్చాం, పాతవి లేవన్నారు. కొత్త ఎక్స్‌రే ఎన్నిసార్లు తీసినా నిరుటి నీడని చూపించదు కదా!

రేడియేషన్ గురించి నేను బెంగపడటం లేదు. ఈ చిన్న ఎక్స్‌రేలో తగిలేది, ఊరికే కూర్చున్నా ప్రకృతి నుంచి ఒకటి రెండు రోజుల్లో మనకి తగిలేపాటిది. నా బాధల్లా బొమ్మ గురించే. పన్నుకీ పన్నుకీ మధ్య దాక్కున్న పిప్పిని చూడాలంటే, పళ్ళు కరిచిపట్టి తీసే బైట్‌వింగ్ కావాలి. మెషిన్ తల చుట్టూ తిరిగి తీసే ఓపీజీలో రెండు దవడలూ, అడ్డంగా పడుకున్న జ్ఞానదంతాలూ ఒక్కసారే కనిపిస్తాయి. కానీ ఒక్క పన్ను వేరు వివరంగా చూడటానికి ఆ చిన్న బొమ్మే మేలు. ఇంప్లాంటు పెట్టేముందు సీబీసీటీ అనే స్కాన్ తీస్తే ఎముక ఎంత మందముందో, నరం ఎంత దూరంలో ఉందో తెలుస్తుంది. దేని పని దానిది. ఏది తీసినా డబ్బిచ్చేది మనమే, దవడ మనదే. మరి బొమ్మ వాళ్ళ కంప్యూటర్లో ఎందుకుండిపోవాలి?

ఈసారి అడిగాను. కౌంటర్లో అమ్మాయి "ఎవరూ అడగరాంటీ" అంటూనే వాట్సాప్ చేసింది. మీరూ అడగండి. అయితే ఫొటోలా పంపితే వాట్సాప్ దాన్ని కుదించేస్తుంది, సన్న గీతలు చెరిగిపోతాయి. డాక్యుమెంటుగా పంపమనండి.