మార్కులతో పాటు మనసునూ అడగండి

ఖిల్లా ఘణపూర్‌లో పుట్టిన బిడ్డ యూనివర్సిటీ చదువు చదవాలంటే ఊరు విడవక తప్పదు. కొందరు మహబూబ్‌నగర్‌లో 2008లో నెలకొన్న పాలమూరు విశ్వవిద్యాలయానికి వెళుతున్నారు. మరికొందరు హైదరాబాదులోని ఉస్మానియాకో, 1998లో ఏర్పడిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయానికో వెళుతున్నారు. పాలమూరు కూలీల వలస గురించి తెలియనివారు లేరు. అలాంటి ఇంటి నుంచి మొదటిసారి యూనివర్సిటీ గడప తొక్కిన బిడ్డ పుస్తకాలతో పాటు తండ్రి చేసిన అప్పునూ, తల్లి పెట్టుకున్న ఆశలనూ మోసుకుపోతుంది.

ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, తరగతిలో ఇంగ్లీషు. మూడు భాషలు వచ్చిన ఆ బిడ్డకు తన దిగులు చెప్పుకోవడానికి మాత్రం ఒక్క భాషా దొరకదు. ఫోనులో మనం అడిగేవి రెండే ప్రశ్నలు: "తిన్నావా బేటా? పరీక్షలెప్పుడు?" "అంతా బాగుంది అమ్మీ" అనగానే తృప్తిపడతాం.

1990లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు పీటర్ సాలొవే, జాన్ మేయర్ 'భావోద్వేగ ప్రజ్ఞ' గురించి రాశారు. తనలోని కోపాన్ని, భయాన్ని, దుఃఖాన్ని గుర్తుపట్టడం, ఎదుటివారి మనసు తెలుసుకోవడం, ఆ తెలివితో నడుచుకోవడం దాని సారాంశం. ఇది హాస్టల్లో చేరిన రోజున వచ్చేది కాదు, ఇంట్లో అలవడవలసింది. "మగపిల్లవాడివి, ఏడుస్తావేం?" అని గద్దించే ఇంట్లో ఎలా అలవడుతుంది?

బిడ్డ దిగులుగా ఉంటే "ఈమాన్ తగ్గింది" అనే పెద్దలున్నారు. అది సరికాదని మా అభిప్రాయం. హజ్రత్ ఖదీజా (ర.అ.), అబూతాలిబ్ కన్నుమూసిన ఏడాదిని ఇస్లాం చరిత్ర 'దుఃఖ సంవత్సరం' అనే పిలిచింది. పసివాడైన కుమారుడు ఇబ్రాహీం మరణించినపుడు దైవప్రవక్త (స) కన్నీరు పెట్టారు. దుఃఖం విశ్వాసలోపం కాదు. నమాజు, దుఆ మనసుకు ఊరటనిస్తాయి. అయినా నిద్రా తిండీ లేక వారాలు గడుస్తుంటే వైద్యుని వద్దకు తీసుకెళ్లడమూ మన బాధ్యతే. జ్వరానికి లేని సిగ్గు దీనికెందుకు?

2023లో విశాఖపట్నంలో నీట్‌కు చదువుతున్న విద్యార్థిని మృతి కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న తీర్పు ఇచ్చింది. వంద, అంతకు మించి విద్యార్థులున్న విద్యాసంస్థల్లో కనీసం ఒక అర్హుడైన మానసిక సలహాదారు ఉండాలని ఆదేశించింది. ఇది విశ్వవిద్యాలయాలకూ వర్తిస్తుంది. తల్లిదండ్రులకు అవగాహన కల్పించాలని కూడా చెప్పింది. ఫీజు కట్టడానికి వెళ్లినపుడు "ఇక్కడ ఆ సలహాదారు ఎవరు?" అని అడగడం మన హక్కు. 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ సేవ 'టెలి మానస్' 14416 నంబరుకు రాత్రీ పగలూ ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు. ఆ నంబరు బిడ్డ దగ్గరా, మన దగ్గరా ఉండాలి.

ఈ రోజు జుమా నమాజు ముగిశాక దూరాన ఉన్న బిడ్డకు ఫోను చేయండి. మార్కుల మాట ఎత్తకండి. "మనసెలా ఉంది బేటా?" అని అడిగి, జవాబు వచ్చేదాకా ఓపిక పట్టండి. పరీక్ష తప్పినా ఇంటి తలుపు తెరిచే ఉంటుందని మీ నోటితో చెప్పండి. ఆ ఒక్క మాట కోసం ఎందరు బిడ్డలు ఎదురుచూస్తున్నారో!