పొడి కాఫీకి కూడా ఓ ఇజ్జత్ ఉంది

మన ఇళ్ళకు మెహమాన్ వచ్చినప్పుడు చాయ్ పెడితే ఎవరూ ఏమీ అనరు. కాఫీ పెడితేనే ఇంతెహాన్ మొదలవుతుంది. మొదటి గుటక వేసి, గ్లాసు కింద పెట్టి, "పౌడర్ కాఫీచ్ క్యా?" అని అడిగే బుజుర్గ్ ఒకాయన ప్రతి ఖాందాన్‌లోనూ ఉంటాడు. ఆ చివరి "చ్"లో ఉన్న చురక వంటింట్లో నిలబడ్డ బహూకి సూటిగా తగులుతుంది. నెల్లూరు నుంచి తిరుపతి దాకా డికాషన్ కాఫీ అంటే ఒక రుబాబు. మా నాయుడుపేట 2022 ఏప్రిల్ 4న నెల్లూరు జిల్లాను వదిలి తిరుపతి జిల్లాలో చేరింది. జిల్లా మారింది గానీ కాఫీ దగ్గర ఆ రుబాబు మారలేదు. ఇత్తడి ఫిల్టర్ ఉన్న ఇల్లు మర్యాద తెలిసిన ఇల్లు, పొట్లం చింపిన ఇల్లు బద్ధకపు ఇల్లు!

ఈ ఫైసలాలో ఇన్సాఫ్ లేదంటాను. ఖుసూర్ పొడిది కాదు, పొడిని మనం చాయ్ పత్తీలాగా చూడటంలో ఉంది. పాలు, నీళ్ళు, చక్కెర, పొడి అన్నీ ఒకే గిన్నెలో పడేసి, మూడు పొంగులు వచ్చేదాకా కాచి, పైగా "కడక్"గా ఉండాలని ఇంకో పొంగు రానిస్తాం. చాయ్ పత్తీకి అది సరే. ఆకులోని రంగూ రుచీ బయటికి రావాలంటే మరగాలి. ఇన్‌స్టంట్ పొడిలో బయటికి రావలసింది ఏమీ మిగల్లేదు. అది గింజ పొడి కాదు, ఒకసారి కాచేసిన కాఫీ. ఆరబెట్టిన డికాషన్. ఈ ఒక్క మాట బుర్రలో నాటుకుంటే మిగతాదంతా దానంతటదే తెలుస్తుంది.

ఫ్యాక్టరీలో జరిగేది ఇది. గింజల్ని వేయించి, పొడి చేసి, పెద్ద పెద్ద గొట్టాల్లో ఒత్తిడి పెట్టిన వేడినీళ్ళతో సారం లాగుతారు. ఒక కిలో ఇన్‌స్టంట్ పొడికి సుమారు 2.6 కిలోల పచ్చి గింజలు అవుతాయని అంతర్జాతీయ కాఫీ సంస్థ వాడే లెక్క. ఆ చిక్కటి సారాన్ని ఆరబెట్టడానికి రెండు దారులున్నాయి. ఒకటి స్ప్రే డ్రై: 200 డిగ్రీలకు పైబడ్డ వేడిగాలిలోకి జల్లుగా కొడితే నీరు ఆవిరై పొడి కింద రాలుతుంది. ఇది చౌక. రెండోది ఫ్రీజ్ డ్రై: సారాన్ని మైనస్ 40 డిగ్రీల దాకా గడ్డకట్టించి, పలుకులుగా విరగ్గొట్టి, గాలి తీసేసిన గదిలో మంచును కరగనివ్వకుండానే ఆవిరి చేస్తారు. వేడి తక్కువ కాబట్టి ఖుష్బూ ఎక్కువ నిలుస్తుంది, ధర కూడా ఆ మేరకు ఉంటుంది. కొత్త సీసా రేకు చింపగానే గుప్పుమనే వాసన ఉంటుందే, అది చాలా బ్రాండ్లలో తయారీలో పట్టి ఉంచి చివర్లో మళ్ళీ కలిపిన వాసన. మొదటిరోజు మన ముక్కును ఖుష్ చేసి, పదిరోజుల్లో సెలవు తీసుకుంటుంది.

కాఫీ ప్రాణమంతా ఆ ఎగిరిపోయే వాసనల్లోనే ఉంది. ఇత్తర్ సీసా మూత తీసి పొయ్యి మీద పెడతామా? పొడిని మరగబెట్టడం అంటే అదే. ఇల్లంతా కాఫీ వాసన ఘుమఘుమలాడుతోందంటే, అది గ్లాసులో లేదని అర్థం.

మరి ఎలా చేయాలి? ముందు గ్లాసులో పొడి వేయండి. 150 మిల్లీలీటర్ల గ్లాసుకు చిన్న చెంచా నిండుగా, అంటే రెండు గ్రాముల దరిదాపు. మనలో చాలామంది అర చెంచా వేసి, పలచగా ఉందని తిట్టుకుని, చక్కెర పెంచుతారు. చక్కెర కావలసినవాళ్ళు ఇక్కడే వేసుకోవచ్చు. దాని మీద రెండు చెంచాల చల్లటి నీళ్ళు పోసి, నున్నగా జారే ముద్ద అయ్యేదాకా కలపండి. పొడి మీద నేరుగా సలసల కాగే నీళ్ళు పోస్తే ఉండలు కడుతుంది, చేదు కూడా మొరటుగా నాలుకకు తగులుతుంది. ముద్ద చేసి పోస్తే ఆ మొరటుతనం తగ్గుతుంది. తర్వాత నీళ్ళు. మరిగిన నీళ్ళను దించి, ఒకటి రెండు నిమిషాలు ఆగి, ఆవిరి కాస్త నెమ్మదించాక పోయాలి. ఎనభై, ఎనభై అయిదు డిగ్రీలు అనుకోండి. థర్మామీటర్ అక్కర్లేదు, "బిస్మిల్లాహ్" అని కప్పులు సర్దుకునేంత సేపు చాలు.

పాలు వేరుగా కాయాలి. పొద్దున నుంచి నాలుగుసార్లు కాగి మీగడ కట్టిన పాలకు ఒక ఉడుకు వాసన పట్టి ఉంటుంది, అది కాఫీని కమ్మేస్తుంది. అంచున బుడగలు రాగానే దించేయండి, పొంగు దాకా వెళ్ళొద్దు. పాలు పోశాక రెండు గ్లాసుల మధ్య నాలుగైదు సార్లు ఎత్తి పోయండి. డికాషన్ కాఫీవాళ్ళు డవరా గ్లాసుతో చేసేది ఇదే. వాళ్ళ కాఫీలో మనం మెచ్చుకునే కమ్మదనంలో సగం ఆ నురగదే అని నా నమ్మకం. చేదు ఎక్కువనిపిస్తే చక్కెర పెంచకుండా నాలుగు పలుకుల ఉప్పు వేసి చూడండి. నవ్వకండి. ఉప్పు చేదును అణుస్తుంది. ఉప్పు రుచి తెలిసిందంటే మాత్రం ఎక్కువ పడిందని లెక్క.

సీసా సంగతి. సముద్రం మనకు దూరం కాదు, గాలిలో తేమ ఎక్కువ. తడి చెంచా పెట్టినా, పొయ్యి పక్కన మూత తీసి ఉంచినా వారంలో గడ్డ కడుతుంది. ఫ్రిజ్‌లో పెట్టి తీసి, పెట్టి తీసి చేస్తే లోపల చెమ్మ చేరుతుంది. అసలు చిన్న ఇళ్ళకు పెద్ద సీసా కంటే చిన్న పొట్లాలే మేలు. ఎప్పటికప్పుడు తాజాగా తెరుస్తాం. పొట్లం కొనేవాణ్ణి పేదవాడిలా చూసే దుకాణం కుర్రాడికి ఇది తెలియదు.

కొనేటప్పుడు వెనకవైపు చదవండి. మనం బాగా వాడే పొడుల్లో చాలావాటిలో 70 పాళ్ళు కాఫీ, 30 పాళ్ళు చికోరీ. చట్ట ప్రకారం ఇలాంటి మిశ్రమంలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదు, ఎంతెంత ఉందో ప్యాకెట్ మీద రాయాలి. చికోరీ అంటే ఏదో మోసపు సరుకనుకునేరు, అది మన హకీం సాహెబ్‌ల కాస్నీ! యునానీ దుకాణంలో అర్క్-ఎ-కాస్నీ అడిగితే ఇచ్చేది ఆ మొక్కదే. దాని వేరును వేయించి పొడి చేస్తే చికోరీ. కెఫీన్ ఉండదు, ముదురు రంగు, చిక్కదనం, కాల్చిన చక్కెరలాంటి తీపిచేదు ఇస్తుంది. డికాషన్ ప్రియులు గర్వంగా తాగేదాంట్లోనూ చాలాసార్లు అది ఉంటుంది. కాబట్టి పాల కాఫీకి 70-30 బాగానే ఉంటుంది. పాలు లేకుండా తాగేవాళ్ళు మాత్రం నూటికి నూరు కాఫీ అని రాసినదే తీసుకోవాలి, వీలైతే ఫ్రీజ్ డ్రై పలుకులు. పాలు లేని కప్పులో తప్పు దాక్కోవడానికి చోటుండదు.

ఆ ఫ్రీజ్ డ్రై పలుకుల కోసం మనం విదేశీ పేర్లు వెతుక్కుంటాం. నాయుడుపేట నుంచి గంట ప్రయాణంలో, వరదయ్యపాలెం మండలం కువ్వాకొల్లిలో సీసీఎల్ ప్రాడక్ట్స్ ఫ్యాక్టరీ ఉంది. చల్లా రాజేంద్రప్రసాద్ గారు స్థాపించిన సంస్థ, గుంటూరు వైపు దుగ్గిరాలలో 1990ల నుంచి ఇన్‌స్టంట్ కాఫీ చేస్తోంది. ఇక్కడ చేసిందాంట్లో ఎక్కువ భాగం ఓడలెక్కి, వేరే దేశాల్లో వేరే పేర్లతో సీసాల్లోకి చేరుతుంది. దుబాయ్ నుంచి వచ్చిన భాయీజాన్ సూట్‌కేసులో తోహ్ఫాగా తెచ్చిన సీసాలో ఉన్నది మన జిల్లా పొడే అయినా నేను ఆశ్చర్యపోను. అది "ఫారిన్" అని దస్తర్‌ఖాన్ మీద పెట్టినప్పుడు ఏ బుజుర్గూ "పౌడర్ కాఫీచ్ క్యా" అనడు. ఈ మునాఫిఖత్ చూసే నాకు ఈ వ్యాసం రాయబుద్ధయింది.

ఇంకో మాట కూడా మనవాళ్ళలో వింటుంటాను. చాయ్ మనది, కాఫీ వాళ్ళది అని. ఏం వాళ్ళది? ఖహ్వా అన్న మాట అరబ్బీ. పదిహేనో శతాబ్దంలో యెమెన్ సూఫీలు రాత్రి జిక్ర్‌లో నిద్ర ఆపుకోవడానికి తాగారు. 1511లో మక్కాలో ఖాయిర్ బేగ్ అనే అధికారి దాన్ని నిషేధిస్తే, కైరోలోని సుల్తాన్ ఆ నిషేధాన్ని నిలవనివ్వలేదు. హజ్ నుంచి వస్తూ ఏడు గింజలు దాచి తెచ్చి చిక్కమగళూరు కొండల్లో నాటింది హజ్రత్ బాబా బుడన్ అని రివాయత్. ఆ కొండలకు నేటికీ ఆయన పేరే. మైలాపూర్ అయ్యర్ గారి ఫిల్టర్లోకి కాఫీ చేరింది ఒక సూఫీ నడుముకు కట్టుకున్న మూట నుంచి. అందులో వాళ్ళూ మనమూ అని గీత గీయడం ఏ గింజకూ తెలియని విద్య.

ఒక దోస్త్ అన్నాడు: ఫిల్టర్ కాఫీ వుజూ, పొడి కాఫీ తయమ్ముమ్ అని. దీన్ మాటల్ని కాఫీ గ్లాసులోకి లాగొద్దని మందలించాను. అయినా అతను మర్చిపోయిందేమిటంటే, తయమ్ముమ్‌తో చదివిన నమాజ్ సగం నమాజ్ కాదు.

అలాగని అబద్ధం చెప్పను. అప్పుడే వేయించి, అప్పుడే విసిరి దించిన డికాషన్‌ను పాలు లేకుండా పక్కన పెడితే, ఇన్‌స్టంట్ ఓడిపోతుంది. ఆరబెట్టడంలో పోయిన వాసనలు ఏ చిట్కాతోనూ తిరిగి రావు. కానీ మన ఇళ్ళల్లో ఫిల్టర్‌లో పడేది అప్పుడే విసిరిన పొడా? నెల క్రితం అంగట్లో కొని, రబ్బర్ బ్యాండ్ చుట్టి, మసాలా డబ్బాల పక్కన పెట్టిన పొడి. పొద్దున దించిన డికాషన్‌నే సాయంత్రం మళ్ళీ వేడి చేసి పోసేది. దానితో పోటీ పెట్టండి, పాలూ చక్కెరతో, కళ్ళకు గంతలు కట్టి. ఆ బుజుర్గ్‌నే జడ్జిగా కూర్చోబెట్టండి.

ఇదంతా నాలుక షౌక్ కోసమే అయితే ఇంత రాయను. ఆ చురక ఎవరికి తగులుతుందో చూడండి. మేనకూరు సెజ్‌కో, శ్రీసిటీకో కంపెనీ బస్సు పట్టుకుని షిఫ్టు చేసి వచ్చిన ఆడబిడ్డకు తగులుతుంది. సహ్రీకి అందరికంటే గంట ముందు లేచే అమ్మీకి తగులుతుంది. డికాషన్ దిగేదాకా నిలబడే ఆ పదిహేను నిమిషాలు ఎవరి ఉమ్రులోంచి ఖర్చవుతున్నాయి? ఇబ్రాహీం అలైహిస్సలాం ఇంటికి అపరిచిత మెహమాన్లు వచ్చినప్పుడు ఆయన ఆలస్యం చేయలేదని ఖురాన్ చెబుతుంది. తానే వెళ్ళి, తానే తెచ్చి, తానే ముందు పెట్టారు. మెహమాన్ నవాజీ అంటే మనం గుర్తుంచుకున్నది దూడ మాంసం మాత్రమే. వెంటనే పెట్టడం, మగాడు లేచి పెట్టడం, ఈ రెండూ మరిచిపోయాం. తక్కువ సమయంలో మంచి కాఫీ అయ్యే దారి ఉన్నప్పుడు "కష్టపడి చేస్తేనే మొహబ్బత్" అనడం తకల్లుఫ్ కాదు, జుల్మ్. కష్టం తనది కానప్పుడు ఆ మాట అనడం మరీ తేలిక.

పైగా ఇన్‌స్టంట్‌తో తప్ప కానిది ఒకటుంది. ఫేంటీ హుయీ కాఫీ. 2020 లాక్‌డౌన్‌లో దల్గోనా అని కొరియా పేరుతో లోకమంతా ఊగిపోయింది గానీ, ఉర్దూ ఇళ్ళకు అదేం కొత్త? పొడి, చక్కెర, నీళ్ళు సమానంగా తీసుకుని లేత రంగుకు తిరిగి గట్టి నురగ అయ్యేదాకా చిలకడమే. డికాషన్ పలచన, ఎంత చిలికినా ఆ మీగడ కట్టదు. గల్ఫ్ గహ్వా రుచి మరిగినవాళ్ళు ఒక ఇలాయచీని నీళ్ళలోనే కాచి, ఆ నీళ్ళు ఈ నురగకు కలుపుకోవచ్చు. చిలకడానికి చేత్తో అయితే పది నిమిషాలు, భుజం నొప్పి. అయితే ఒకసారి చేసి మూత బిగించిన డబ్బాలో ఫ్రిజ్‌లో పెడితే మూడు నాలుగు రోజులు ఉంటుంది, సహ్రీ వేళ గోరువెచ్చటి పాలలో ఒక చెంచా వేస్తే చాలు. తరావీహ్ నుంచి వచ్చి ఫోన్ చూస్తూ కూర్చునే మియాఁ సాహెబ్ చేతిలో ఆ గిన్నె, చెంచా పెట్టండి. పది నిమిషాల పనే.