కాగితపు ముక్కపై ఒక రక్తపు చుక్క

గత నెల ఒక శుక్రవారం జుమా నమాజు ముగిసి అందరూ వెళ్ళిపోయాక ఒక సోదరుడు మసీదు వసారాలో నా పక్కన వచ్చి కూర్చున్నారు. చిన్న కిరాణా వ్యాపారి. నమాజు తప్పని మనిషి. కొంతసేపు తస్బీహ్ తిప్పి, మెల్లగా అసలు విషయానికి వచ్చారు.

"మౌలానా సాబ్! మా అమ్మాయి ఇంటర్ బైపీసీ మంచి మార్కులతో పాసయింది. పట్నం వెళ్ళి బయోటెక్నాలజీ చదువుతానంటోంది. ఆ తరువాత పరిశోధన చేస్తుందట. బయోసెన్సర్లు అంటోంది, నానో అంటోంది. నాకేమీ బోధపడటం లేదు. ఆడపిల్లకు ఆ చదువెందుకని మా అన్నయ్య కోప్పడుతున్నారు. ధర్మం ఏమంటుందో మీరు చెప్పండి. మీరు ఎలా చెబితే అలా చేస్తాను."

ఆయన చివరి మాట నన్ను కలవరపరచింది. నా నోటి నుండి వెలువడే ఒక్క వాక్యంపై ఒక అమ్మాయి జీవితం ఆధారపడి ఉంది. ఒక విషయంపై తీర్పు చెప్పేవాడు ముందుగా ఆ విషయాన్ని సరిగా గ్రహించి ఉండాలన్నది మన మదర్సాలలో తొలినాళ్ళలోనే నేర్పే సూత్రం. బయోసెన్సర్ అంటే ఏమిటో నాకూ తెలియదు. అందుకే వారం రోజుల గడువు అడిగాను. ఆ వారంలో చదివి, తెలిసినవారిని అడిగి గ్రహించిన సంగతులను పాఠకుల ముందు కూడా ఉంచుతున్నాను. ఇటువంటి ప్రశ్న ఎన్నో ముస్లిం ఇళ్ళలో ఈ వేసవిలో తలెత్తే ఉంటుంది.

తీరా తెలుసుకుంటే బయోసెన్సర్ మన ఇళ్ళకు కొత్తది కాదు. మధుమేహం ఉన్నవారు వేలి కొసన సూదితో పొడిచి, ఒక రక్తపు చుక్కను పట్టీకి అంటించి షుగరు చూసుకునే పరికరమే బయోసెన్సర్. ఆ పట్టీపై ఒక ఎంజైము పూసి ఉంటుంది. రక్తంలో ఎన్ని పదార్థాలున్నా అది చక్కెరను గుర్తుపట్టి దానితో చర్య జరుపుతుంది. ఆ చర్యలో పుట్టే స్వల్ప విద్యుత్తును పరికరం కొలిచి అంకెగా చూపుతుంది. గుర్తుపట్టే జీవపదార్థం ఒకటి, ఆ గుర్తింపును మనకు తెలియజెప్పే యంత్రభాగం ఒకటి. ఈ రెండింటి కలయికే బయోసెన్సర్. ఎంజైమును ఇలా వాడవచ్చునన్న ఆలోచనను 1962లో అమెరికా శాస్త్రవేత్తలు లీలాండ్ క్లార్క్, చాంప్ లయన్స్ ప్రకటించారు.

ఇక నానో సంగతి. ఒక మీటరును నూరు కోట్ల భాగాలు చేస్తే అందులో ఒక భాగం నానోమీటరు. కరోనా కాలంలో ఎంతోమంది ఇంట్లోనే పరీక్ష చేసుకుని, కిట్టుపై ఎర్ర గీత వస్తుందేమోనని ఊపిరి బిగబట్టి చూశారు కదా! అటువంటి అనేక కిట్లలో ఆ ఎర్ర గీతను ఏర్పరచేవి నానోమీటర్లలో కొలిచే బంగారు కణాలు. నగలో పచ్చగా మెరిసే బంగారం అంత సూక్ష్మమైన కణాలుగా మారి నీటిలో కలిసినప్పుడు ఎర్రగా కనిపిస్తుంది. సుబ్‌హానల్లాహ్! ఒకే లోహంలో ఆ సృష్టికర్త ఎన్ని గుణాలు దాచి ఉంచాడు!

ఈ శాస్త్రంలో పనిచేసినవారి గురించి చదువుతుండగా ఒక పేరు దగ్గర ఆగిపోయాను. డాక్టర్ హయాత్ సిందీ. ఆమె జన్మస్థలం పవిత్ర మక్కా నగరం. చదవమనే ఆదేశంతో తొలి వహీ అవతరించిన హిరా గుహ ఉన్నది ఆ నగరం అంచునే.

ఉన్నత విద్య కోసం ఇంగ్లండు వెళ్ళాలన్నది ఆమె కోరిక. సంప్రదాయాన్ని పాటించే కుటుంబం. ఒంటరిగా పంపడానికి పెద్దలకు మనసొప్పలేదు. నచ్చజెప్పి వారి అనుమతి పొందాకే 1991లో ఆమె లండనులో అడుగుపెట్టారు. అప్పటికి ఆమెకు ఆంగ్లం సరిగా రాదు. బీబీసీ వార్తలు చూస్తూ భాష నేర్చుకున్నారు. అక్కడి కళాశాలలో ప్రవేశం దొరకాలంటే ముందు ఆ దేశపు పరీక్షలు గట్టెక్కాలి. వాటి కోసం కొన్ని రోజులలో ఇరవై గంటల వరకూ చదివానని ఆమె చెప్పుకున్నారు. 1995లో లండన్ కింగ్స్ కాలేజీ నుండి ఔషధశాస్త్రంలో పట్టా అందుకున్నారు. తల మీది ముసుగును, విశ్వాసాన్ని వదిలిపెట్టే ప్రసక్తే లేదన్నట్లుగా ఆమె తన చదువు సాగించారు.

అటుపిమ్మట కేంబ్రిడ్జి. అక్కడ ఆమె చేరింది 1871లో స్త్రీల కోసమే స్థాపించబడిన న్యూన్‌హామ్ కళాశాలలో. 2001లో బయోటెక్నాలజీలో డాక్టరేటు పొందారు. ప్రొఫెసర్ క్రిస్టఫర్ లోవ్ బృందంలో ఆమె చేసిన పరిశోధనను ఇంటి ఉపమానంతో చెబుతాను. ఖాళీ బిందెను వేలితో తడితే ఒక ధ్వని వస్తుంది. కొద్దిగా నీళ్ళు పోసి తడితే ధ్వని మారుతుంది. చెవి ఉన్నవారు చూడకుండానే నీళ్ళున్నాయని చెప్పగలరు. అదే విధంగా ఒక పలుచని బిళ్ళను మన చెవికి వినిపించనంత వేగంగా కంపింపజేస్తారు. దాని ఉపరితలంపై ఏదైనా జీవపదార్థపు అణువులు వచ్చి అంటుకుంటే ఆ కంపనం తీరు మారుతుంది. ఆ మార్పును కొలిచి, వచ్చి అంటుకున్నదాని సంగతి తెలుసుకుంటారు. తీగలు తగిలించకుండా అయస్కాంత క్షేత్రంతోనే ఆ బిళ్ళను కంపింపజేసే విధానం ఆ బృందం పనిలోని విశేషం.

ఆమె తదుపరి మజిలీ అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ జార్జ్ వైట్‌సైడ్స్ ప్రయోగశాల. ఆ ప్రయోగశాలవారు 2007లో ఒక సులువైన ఉపాయాన్ని లోకానికి తెలిపారు. కాగితంపై నీరు అంటని పదార్థంతో సన్నని గోడలు ఏర్పరిస్తే, వాటి మధ్య కాలువల వంటి దారులు మిగులుతాయి. దీపపు వత్తి నూనెను పీల్చుకున్నట్లు కాగితం తనంతట తానే చుక్కను ఆ దారుల వెంట లాక్కుంటుంది. దారి చివర ఉంచిన రసాయనాన్ని తాకగానే రంగు మారుతుంది. కరెంటు అక్కరలేదు, పంపు అక్కరలేదు, ఖరీదైన యంత్రం అసలే అక్కరలేదు.

ఈ ఉపాయాన్ని పేదల వద్దకు చేర్చడానికి 'డయాగ్నస్టిక్స్ ఫర్ ఆల్' అనే లాభాపేక్ష లేని సంస్థ ఏర్పడింది. 2008లో హార్వర్డ్ బిజినెస్ స్కూలు, ఎం.ఐ.టి. నిర్వహించిన వ్యాపార ప్రణాళికల పోటీలు రెండింటిలోనూ అది ప్రథమ స్థానంలో నిలిచింది. దాని తొలినాళ్ళ బృందంలో హయాత్ సిందీ ఒకరు. వారు చేపట్టిన ముఖ్యమైన పని కాలేయ పరీక్ష. క్షయ, హెచ్.ఐ.వి. రోగులు నెలల తరబడి వాడే మందులలో కొన్ని కాలేయాన్ని దెబ్బతీసే ప్రమాదం ఉంది. ప్రయోగశాల అందుబాటులో ఉన్నచోట రక్తపరీక్షతో ముందే పసిగట్టి మందు మారుస్తారు. లేనిచోట కళ్ళు పచ్చబడ్డాకే తెలుస్తుంది. రోగాన్ని నయం చేయవలసిన మందే ప్రాణం మీదికి తెచ్చే దుస్థితి అది. తపాలా బిళ్ళంత కాగితంపై వేలి కొస నుండి తీసిన ఒక్క చుక్క వేస్తే, కాలేయం దెబ్బతిన్నప్పుడు రక్తంలో పెరిగే ఎంజైముల స్థాయిని పదిహేను నిమిషాలలో రంగు చూపిస్తుంది. ఆ పరీక్ష పనితీరుపై 2012లో శాస్త్ర పత్రికలో వ్యాసం వెలువడింది.

ఇక్కడ ఒక మాట చెప్పడం నా బాధ్యత. మనవారు విజయగాథలు చెప్పేటప్పుడు అంతా ఒక్కరే చేసినట్లు చెబుతుంటారు. ఈ కాగితపు పరీక్ష అనేకమంది చేతుల మీదుగా రూపుదిద్దుకున్నది. వారిలో వేర్వేరు దేశాలవారు, వేర్వేరు మతాలవారు ఉన్నారు. ఎవరి వాటా వారికి చెప్పడమే న్యాయం. హయాత్ సిందీ గొప్పదనానికి దానివల్ల కలిగే లోటేమీ లేదు.

ఆ తరువాతి సంవత్సరాలలో ఆమె సొంత సమాజం వైపు తిరిగారు. అరబ్బు దేశాల యువ శాస్త్రవేత్తలు తమ ఆలోచనలను ప్రజలకు ఉపయోగపడే వస్తువులుగా మలచుకునేందుకు తోడ్పడే ఒక సంస్థను నెలకొల్పారు. 2012లో యునెస్కో ఆమెను సుహృద్భావ రాయబారిగా నియమించింది. 2013 జనవరిలో సౌదీ రాజు అబ్దుల్లాహ్ 150 మంది సభ్యుల షూరా సభలోకి మొదటిసారిగా 30 మంది స్త్రీలను తీసుకున్నప్పుడు వారిలో ఆమె ఉన్నారు. జిద్దాలోని ఇస్లామిక్ డెవలప్‌మెంట్ బ్యాంకుకు శాస్త్ర సలహాదారుగానూ పనిచేశారు. శాస్త్ర సాంకేతిక ఆవిష్కరణలకు ఊతమిచ్చేందుకు ఆ బ్యాంకు 2018లో 50 కోట్ల డాలర్ల నిధిని ప్రారంభించింది.

ఇప్పుడు ఆ తండ్రి అడిగిన అసలు ప్రశ్నకు వద్దాం. ధర్మం ఏమంటుంది?

ఇమామ్ గజాలీ (రహ్మతుల్లాహి అలైహి) తమ 'ఇహ్యా ఉలూమిద్దీన్' గ్రంథంలో వైద్యాన్ని ఫర్జె కిఫాయాగా లెక్కించారు. అనగా సమాజంలో తగినంతమంది నేర్చుకుంటే అందరి బాధ్యతా తీరుతుంది. ఎవరూ నేర్చుకోకపోతే అందరూ దోషులవుతారు. తమ కాలంలో అందరూ ఫిఖ్హ్ విద్య వైపే ఎగబడుతుండగా, కొన్ని పట్టణాలలో ముస్లిం వైద్యుడే కరువైపోయాడని కూడా ఆయన అక్కడే వాపోయారు. ఈ మాట రాసిన ఇమామ్ కన్నుమూసింది 1111లో. తొమ్మిది వందల ఏళ్ళు దాటినా ఆ నింద మన మీద నుండి తొలగలేదు.

స్త్రీల మాటకు వస్తే, ఖందక్ యుద్ధంలో గాయపడిన హజ్రత్ సఅద్ బిన్ ముఆజ్ (రజి)ను రుఫైదా (రజి) అనే స్త్రీ గుడారంలో ఉంచి చికిత్స చేయించారు దైవప్రవక్త (స). ఆ గుడారం ఉన్నది మస్జిదె నబవీలోనే. హజ్రత్ షిఫా బిన్తె అబ్దుల్లాహ్ (రజి)కి వ్రాత వచ్చు, చర్మవ్యాధికి చికిత్సా వచ్చు. విశ్వాసుల మాత హజ్రత్ హఫ్సా (రజి)కు వ్రాత నేర్పింది ఆమే. ఇవన్నీ మనం మిలాద్ సభలలో గర్వంగా చెప్పుకుంటాం. మన ఇంటి ఆడవారికి జబ్బు చేస్తే లేడీ డాక్టరు ఎక్కడని వెదుకుతాం. రక్తం తీయడానికి కూడా స్త్రీయే కావాలంటాం. ఆ స్త్రీ మరెవరి ఇంటి నుండో రావాలని, మన అమ్మాయి మాత్రం ఇల్లు కదలరాదని అనుకోవడం ఏ న్యాయం?

మహ్రమ్ తోడు లేని ప్రయాణం గురించి ఫిఖ్హ్ గ్రంథాలలో ఉన్న ఆంక్షలు నేను మరచిపోలేదు. ధర్మవేత్తల మధ్య ఉన్న భేదాభిప్రాయాలూ తెలుసు. ప్రతి ఇంటివారూ కూతురిని ఒంటరిగా విదేశాలకు పంపమని నేను అనడం లేదు. అన్నదమ్ములు దిగబెట్టి రావచ్చు. నమ్మకమైన బాలికల వసతిగృహం వెదకవచ్చు. పట్నంలోని బంధువుల ఇంట ఉంచవచ్చు. ధర్మం విధించిన హద్దులను కాపాడే మార్గాలను వెదకడం తల్లిదండ్రుల బాధ్యత. ఆ శ్రమ పడకుండా ధర్మం పేరు చెప్పి తలుపు మూసివేయడం సులభం. నిజానికి అది మన సోమరితనం.

ఈ మాట అనడానికి నాకు ఒక కారణం ఉంది. పద్దెనిమిదేళ్ళ క్రితం ఇటువంటి ప్రశ్నతోనే మరొక తండ్రి నా వద్దకు వచ్చారు. ఆయన కూతురు మా వద్దే ఖుర్ఆన్ పూర్తిచేసిన పిల్ల, చాలా తెలివైనది. నేను క్షణమైనా ఆలోచించలేదు. "ఇంటర్ చాలు భాయ్, మంచి సంబంధం చూడండి" అన్నాను. ఆ మాటకు ఏ ఆయతూ ఆధారం కాదు, ఏ హదీసూ ఆధారం కాదు. అది నా అలవాటు మాత్రమే. మూడేళ్ళ క్రితం ఆమె తన కొడుకును మదర్సాలో చేర్పించడానికి వచ్చింది. నన్ను ఒక్క మాట కూడా నిందించలేదు. "ఉస్తాద్! వీడికి హిఫ్జ్‌తో పాటు సైన్సు కూడా చెప్పించే ఏర్పాటు ఉందా?" అని మాత్రం అడిగింది. ఆ రోజు నేను తల ఎత్తలేకపోయాను. తరువాతి సంవత్సరం నుండి మా మదర్సాలో సాయంత్రం పూట సైన్సు పాఠం మొదలైంది. అయితే ఆ పాఠం ఆమె కోల్పోయిన చదువును తిరిగి ఇవ్వలేదు.

వారం తరువాత ఆ సోదరుడు వచ్చినప్పుడు ఈ సంగతులన్నీ చెప్పాను. అమ్మాయికి చెప్పమని రెండు మాటలు కూడా పంపాను. మొదటిది: సంకల్పం శుద్ధంగా ఉండాలి. జీతం వస్తుంది, పేరు వస్తుంది, వాటిలో తప్పులేదు. కానీ తాను తయారుచేయబోయేది ఏ రోగి వేలి కొసకు చేరుతుందో ఆ రోగిని మరువరాదు. రెండవది: ప్రయోగశాలలో చూసినది చూసినట్లుగా రాయాలి. హదీసు వేత్తలు ఒక్క పదం కోసం నెలల తరబడి ప్రయాణించి, చెప్పినవాడి నిజాయితీని పరీక్షించి స్వీకరించేవారు. రక్తపరీక్ష అంకె కూడా ఒక రివాయత్ వంటిదే. అందులో అబద్ధం దొర్లితే ఒక ప్రాణానికి ముప్పు. అది అల్లాహ్ ముందు జవాబు చెప్పుకోవలసిన అమానత్.

ఆయన చాలాసేపు మౌనంగా ఉన్నారు. లేచి చెప్పులు వేసుకుంటూ, "దరఖాస్తుకు ఆఖరి తేదీ దగ్గర పడిందని అమ్మాయి అంటోంది మౌలానా సాబ్, త్వరగా ఇంటికి వెళ్ళాలి" అన్నారు.

అల్లాహ్ ఆ బిడ్డకు ప్రయోజనకరమైన జ్ఞానాన్ని ప్రసాదించుగాక! తెలియక మనం మూసివేసిన తలుపుల విషయంలో మనల్ని మన్నించుగాక! మన కూతుళ్ళ చేతుల మీదుగా రోగులకు స్వస్థత చేకూర్చుగాక! ఆమీన్.