మూడు కార్యక్రమాలు, ఒక మౌనం

“పాత టెలివిజన్ కార్యక్రమాలలో ఒక్క సాయంకాలానికి సరిపడినన్ని ఏరుకొమ్మంటే మీరు వేటిని ఏరుకొంటారు?” అని ఉపాధ్యాయుడైన ఒక మిత్రుడు నన్నడిగినాడు. రామాయణ మహాభారతాలు ప్రసారమైన ఆ ఆదివారాలను అందరూ తలచుకొంటూనే ఉన్నారు. కనుక వాటిని విడిచి మూడింటిని ఎన్నుకొన్నాను. మూడూ దూరదర్శన్‌లో వచ్చినవే. మూడూ పుస్తకాల నుండి పుట్టినవే.

మొదటిది “మాల్గుడి డేస్”. ఆర్.కె. నారాయణ్ కథలకు శంకర్ నాగ్ కర్ణాటకలోని ఆగుంబెలో రూపం కల్పించినాడు. అందులో స్వామి కథ చూడవలెను. బడి అంటే బెదిరే ఆ బాలుణ్ణి చూచి విద్యార్థులు నవ్వుతారు. ఉపాధ్యాయులు కూడ నవ్వుతారు గాని, మరుక్షణం తమ చేతి బెత్తాన్ని తలచుకొంటారు. ఆ తలపు చాలును.

రెండవది “భారత్ ఏక్ ఖోజ్”. 1944లో అహమద్‌నగర్ కోటలో బందీగా ఉండి నెహ్రూ వ్రాసిన గ్రంథాన్ని శ్యామ్ బెనెగళ్ 53 భాగాలుగా మలచినాడు. 1988లో ప్రసారం మొదలైనది. అందులో నాకు అశోకుని కథ కావలెను. కళింగ యుద్ధం ఎప్పుడు జరిగినదో పిల్లలచేత వల్లె వేయించగలం. గెలిచినవాని పశ్చాత్తాపాన్ని వల్లె వేయించలేం.

మూడవది “తమస్” మొదటి భాగం. ఇక్కడ మిత్రుడు అడ్డు తగిలినాడు. “పిల్లలున్న ఇంట దేశవిభజన నాటి ఘోరాలెందుకు? హాస్యంతో ముగించరాదా?” అన్నాడు. ఈ అభ్యంతరం కొత్తది కాదు. 1988లో ఈ ప్రసారాన్ని ఆపించవలెనని కొందరు న్యాయస్థానాలకెక్కినారు. బొంబాయి హైకోర్టు న్యాయమూర్తులు స్వయంగా చూచి అనుమతించినారు. సుప్రీంకోర్టు కూడ ప్రసారాన్ని ఆపలేదు.

భీష్మ సాహ్ని నవలను గోవింద్ నిహలానీ తెరకెక్కించిన ఈ కథ ఒక మతోన్మాదితో మొదలుకాదు. నత్థూ అనే పేదవానితో మొదలవుతుంది. పశువైద్యునికి కావలెనని నమ్మబలికి అతనిచేత ఒక పందిని చంపిస్తారు. తెల్లవారేసరికి దాని కళేబరం మసీదు మెట్లమీద కనబడుతుంది; ఊరు రగులుతుంది. ఎవరు, ఎందుకు చేయిస్తున్నారో ఎరుగక చేసిన పని ఎంతకు తెచ్చినది! పై తరగతుల విద్యార్థికి ఇంతకు మించిన పాఠమేది? పసివారిని నిద్రపుచ్చి, ఎదిగిన పిల్లల ప్రక్కన పెద్దలు కూర్చుండి చూడవలసిన భాగమిది.

ఆ తరువాత మరేదీ వద్దు. నేడు ఒకటి ముగిసీ ముగియకముందే మరొకటి తనంత తానే మొదలవుతున్నది. దుఃఖం గొంతు దిగకముందే నవ్వును వడ్డిస్తున్నారు. నాడు తరువాయి భాగానికి వారం రోజులు ఆగవలసి వచ్చేది. హిందీ అంతంతమాత్రంగా వచ్చిన మన ఇళ్లలో సందేహాలు, అర్థాలు, వాదోపవాదాలు ఆ వారమంతా సాగేవి. చూచినది మన సొంతమైనది ఆ మాటల మధ్యనే.

కనుక నా సాయంకాలంలో నాలుగవ అంశం ఆ పెట్టెను ఆపివేయడం. దీపం మాత్రం వెలుగుతూ ఉండనిండు. “అతడు ముందే ఎందుకు అడగలేదు?” అని పిల్లలలో ఎవరో ఒకరు అనేవరకు మనం మాటాడక వేచి ఉందాము.